థండర్‌బర్డ్‌లో మెయిల్స్ వస్తున్నాయి, పోవట్లేదా? అకౌంట్ మాత్రం తీసేయకండి

నమస్కారం. కంప్యూటర్‌లో మెయిల్స్ చూసుకునే ప్రోగ్రామ్ థండర్‌బర్డ్‌లో మెయిల్స్ అన్నీ వస్తుంటాయి, మనం సెండ్ కొడితే మాత్రం కదలదు. జీడిమెట్ల యూనిట్లలో కొటేషన్ పంపేవాళ్లకైనా, ఆబిడ్స్‌లో 20వ తారీఖు జీఎస్టీ రిటర్న్ హడావిడిలో ఉన్న అకౌంటెంట్‌కైనా ఒక్క మెయిల్ ఆగితే పనంతా ఆగిపోతుంది. ఆ కంగారులో చాలామంది అకౌంట్ తీసేసి మళ్లీ యాడ్ చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మీది పాప్ అకౌంట్ (మెయిల్స్‌ని సర్వర్ నుంచి కంప్యూటర్‌లోకి దించుకునే రకం) అయితే పాత మెయిల్స్ ఆ కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా ఉండకపోవచ్చు. తీసేసేటప్పుడు మెసేజ్ డేటా కూడా తీసేయమని టిక్ పెట్టారంటే అవన్నీ పోయినట్టే.

అసలు సంగతి ఏంటంటే, మెయిల్ వచ్చే దారి వేరు, పోయే దారి వేరు. ఐమ్యాప్‌లో (మెయిల్స్ సర్వర్‌లోనే ఉంచి చూపించే రకం) అయితే వచ్చేవి 993 పోర్ట్ మీద, అంటే ఆ నంబర్ ద్వారం గుండా వస్తాయి. పోయేవి ఎస్‌ఎంటీపీ సర్వర్ (మెయిల్స్ పంపే సర్వర్) ద్వారా 587 మీదో 465 మీదో పోతాయి. పాస్‌వర్డ్ కూడా రెండింటికీ విడివిడిగా సేవ్ అవుతుంది. అందుకే, మెయిల్స్ వస్తున్నాయి కాబట్టి పాస్‌వర్డ్ కరెక్టే అనుకోవడానికి లేదు.

ఎర్రర్ బాక్స్ రాగానే ఓకే కొట్టేయకుండా అందులో ఏముందో చదవండి. టైమ్ అవుట్ అని ఉంటే, సర్వర్‌తో మాటే కలవలేదని అర్థం. పాస్‌వర్డ్ జోలికి వెళ్లక్కర్లేదు. అకౌంట్ సెట్టింగ్స్ తెరిచి, ఎడమ పక్క జాబితాలో కిందికి వెళ్తే అవుట్‌గోయింగ్ సర్వర్ ఉంటుంది. ఎడిట్ నొక్కండి. పోర్ట్, కనెక్షన్ సెక్యూరిటీ, ఈ రెండు గడుల్నీ కలిపి చూడాలి. 587కి స్టార్ట్‌టీఎల్‌ఎస్ (ముందు మాట కలిపి, తర్వాత ఎన్‌క్రిప్షన్, అంటే వేరేవాళ్లు చదవలేని తాళం, వేసేది), 465కి ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ (మొదటి నుంచే ఎన్‌క్రిప్షన్‌తో మాట్లాడేది). 465 పెట్టి స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎంచుకుంటే ఏమవుతుందో చూడండి: సర్వర్ ముందుగా పలకరిస్తుందని థండర్‌బర్డ్ ఎదురుచూస్తుంది, థండర్‌బర్డ్ ముందు ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టాలని సర్వర్ ఎదురుచూస్తుంది. ఎవరూ నోరు విప్పరు, కాసేపటికి టైమ్ అవుట్ అయిపోతుంది. ఇక అక్కడ 25 కనిపిస్తే వెంటనే మార్చేయండి. అది సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పోర్ట్, స్పామ్ భయంతో చాలా బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు దాన్ని మూసేస్తాయి.

సెట్టింగ్స్ సరిగ్గా ఉన్నా పోవట్లేదా? ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి ఒక మెయిల్ పంపండి. పోయిందంటే తప్పు మీ వైఫైలోనో ఆఫీస్ ఫైర్‌వాల్‌లోనో ఉంది. అప్పటికీ పోకపోతే యాంటీవైరస్‌లో మెయిల్ స్కానింగ్ ఒక్కటి ఐదు నిమిషాలు ఆపి చూడండి, మళ్లీ ఆన్ చేయడం మర్చిపోవద్దు.

ఎర్రర్ బాక్స్‌లో 535 అనే నంబర్ వస్తే లాగిన్ కుదరలేదని. జీమెయిల్‌లో ఇది చాలా మామూలు. 2022 మే 30 నుంచి గూగుల్ ఇలాంటి ప్రోగ్రాముల్లో ఉత్త పాస్‌వర్డ్‌తో లాగిన్‌ని ఆపడం మొదలుపెట్టింది. అదే ఎడిట్ బాక్స్‌లో అథెంటికేషన్ మెథడ్‌ని ఓఆథ్2కి (పాస్‌వర్డ్ థండర్‌బర్డ్‌కి ఇవ్వకుండా గూగుల్ పేజీలోనే లాగిన్ అయ్యే పద్ధతి) మార్చండి. ఆ తర్వాత సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సేవ్డ్ పాస్‌వర్డ్స్‌కి వెళ్లి ఎస్‌ఎంటీపీతో మొదలయ్యే ఎంట్రీ ఒక్కటే తీసేయండి, ఐమ్యాప్‌ది ముట్టుకోవద్దు. ఈసారి సెండ్ కొడితే గూగుల్ లాగిన్ విండో రావచ్చు. అది ముందుకు కదలకపోతే అదే ప్రైవసీ పేజీలో కుకీలు ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. అవి ఆఫ్‌లో ఉంటే ఈ లాగిన్ పూర్తవదు.

552 అంటే సైజు ఎక్కువైంది. మీ మెయిల్ సర్వర్ పరిమితి 25 ఎంబీ అనుకోండి, అటాచ్‌మెంట్ పోయేటప్పుడు ప్రతి 3 బైట్లూ 4 బైట్లవుతాయి. 20 ఎంబీ స్కాన్ కాపీ దాదాపు 27కి చేరుతుంది. 18 దాటిందంటే డ్రైవ్ లింక్ పెట్టడమే మేలు.

కంపెనీ మెయిల్, జీమెయిల్ రెండూ ఒకే థండర్‌బర్డ్‌లో ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోండి. అకౌంట్ పేరు మీద క్లిక్ చేస్తే పేజీ కింద అది ఏ అవుట్‌గోయింగ్ సర్వర్ వాడుతోందో ఉంటుంది. కంపెనీ మెయిల్‌కి అక్కడ జీమెయిల్ సర్వర్ ఉంటే, ఆ అడ్రస్‌ని జీమెయిల్‌లో ముందే చేర్చుకోకపోతే, అవతలివాళ్లకి పంపినవారి దగ్గర మీ జీమెయిల్ అడ్రసే కనిపిస్తుంది.

చివరగా, మెయిల్ పోయింది కానీ కాపీ సెంట్ ఫోల్డర్‌లో పడలేదు అనే మెసేజ్. దీన్ని పూర్తిగా చదవకుండా అదే బిల్లు మళ్లీ మళ్లీ పంపేస్తారు, పార్టీకి అన్నిసార్లూ చేరుతుంది. ఇక్కడ మెయిల్ వెళ్లిపోయింది, ఆగింది కాపీ ఒక్కటే. రీట్రై నొక్కితే కాపీ కోసమే మళ్లీ ప్రయత్నిస్తుంది, లేదంటే ఆ కాపీని లోకల్ ఫోల్డర్స్‌లో సేవ్ చేసుకోవచ్చు. జీమెయిల్ అయితే సర్వరే తనంతట తాను సెంట్‌లో పెట్టుకుంటుంది కాబట్టి, కాపీస్ అండ్ ఫోల్డర్స్‌లో కాపీ పెట్టమనే టిక్ తీసేయండి.