తాబేలు పిల్ల కళ్లతో మన తీరం

అందరికీ నమస్కారం.

ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా మన తీరం రాత్రిపూట ఎంత వెలిగిపోతుందో చూసి మనం మురిసిపోతాం. అదే తీరం ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేలు పిల్లకు ఎలా కనిపిస్తుందో ఈ రోజు మాట్లాడుకుందాం.

చలికాలం చివర్లో తల్లి తాబేలు ఒడ్డుకొచ్చి, ఇసుకలో గుంత తవ్వి, సుమారు 100 గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతుంది. 45 నుంచి 60 రోజుల్లో గుడ్లు పగిలి పిల్లలవుతాయి. పైన ఇసుక చల్లబడితే చాలు, రాత్రయిందని వాటికి తెలుస్తుంది. అప్పుడు బయటికొస్తాయి. వాటి చూపు నేలకు వేలెడు ఎత్తు కూడా ఉండదు. సముద్రం ఎటుందో చెప్పడానికి తల్లి లేదు. దిగంతం ఏ వైపు వెలుగ్గా ఉంటే ఆ వైపు వెళ్లాలి, నల్లగా ఎత్తుగా కనిపించేదానికి దూరంగా జరగాలి. వాటికి తెలిసింది ఇంతే. చెట్లూ దిబ్బలూ ఉన్న ఒడ్డు కంటే సముద్రం మీదే వెలుగు ఎక్కువగా ఉన్నన్నాళ్లూ ఆ తెలివి సరిపోయింది. ఇప్పుడు వెలుగంతా రోడ్డు వైపు ఉంది. పిల్ల తన పద్ధతి ప్రకారమే నడుస్తుంది, నడిచి రోడ్డెక్కుతుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

యాకోబ్ ఫాన్ యుక్స్‌క్యూల్ అనే జీవశాస్త్రవేత్త పశువుల ఒంటిని పట్టే గోమారి గురించి రాశాడు. దానికి చూపు లేదు. చర్మం వాసన, ఒంటి వెచ్చదనం, వెంట్రుకల స్పర్శ, దాని లోకమంతా ఇదే. ప్రతి ప్రాణికీ తనదైన లోకం ఉంటుందని ఆయన చెప్పిన మాట నాకు చాలా విలువైనది. గుడ్లు తవ్వి తినే వీధికుక్కను మనం తిట్టుకుంటాం గానీ, దానికి ఈ బీచ్ అంతా వాసనలే.

అటవీశాఖ గుడ్లను సేకరించి, కంచె వేసి కాపాడుతోంది. చాలా మంచి పని. కానీ ఎవరి కంటా పడని గూళ్లూ ఉంటాయి. వాటి కోసం తీరం వెంట ఇళ్లూ హోటళ్లూ ఉన్నవాళ్లు తాబేళ్లు గుడ్లు పెట్టి, పిల్లలు బయటికొచ్చే నెలల్లో సముద్రం వైపు లైట్లు రాత్రి ఆపేయాలి. తప్పనిసరైతే కిందికి వంచి, మూత పెట్టి, తెల్లని వెలుగు బదులు ముదురు పసుపు వెలుగు వాడాలి. తెలుపు, నీలం వెలుగులే తాబేలు పిల్లలను ఎక్కువగా లాగుతాయి.

అటవీశాఖ వాళ్లు తాబేలు పిల్లలను సముద్రంలోకి వదిలేటప్పుడు చూడ్డానికి వెళ్తే ఫోన్ ఫ్లాష్ వేయకండి. జాలిపడి చేత్తో తీసుకెళ్లి నీళ్లలో వేయకండి. సముద్ర తాబేళ్ల మీద చేసిన ప్రయోగాల్లో తేలిందేమిటంటే, ఇసుక మీది ఆ నడకలో, ఎదురొచ్చే మొదటి అలల్లో వాటికి దిశ కుదురుతుంది. లోతుకు వెళ్లాక భూమి అయస్కాంత క్షేత్రాన్ని బట్టి అదే దిశలో ఈదుకుంటూ పోతాయి.