టులెట్ బోర్డు చెప్పే సంగతులు
(హైదరాబాద్‌లో రిటైర్డ్ ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? సరే.

పొద్దున కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఎక్కడ కొంటే అద్దెలు బాగా వస్తాయో ఓ నాలుగు ఏరియాల పేర్లు చెప్పండి సార్, మావాళ్లకు అది చాలు" అన్నారు. పేర్లదేముంది, చెప్పేస్తాను. బాచుపల్లి, కొల్లూరు, పోచారం, కొంపల్లి, ఆదిభట్ల. అయిదు చెప్పాను, ఒకటి ఎక్కువే. కాకపోతే ఈ అయిదింటిలోనూ ఇల్లు ఖాళీ కాకముందే అడ్వాన్స్ ఇచ్చి పెట్టుకునే వీధులున్నాయి. ఏడాదిగా తాళం తియ్యని ఫ్లాట్లూ ఉన్నాయి. రెండూ ఒక్కోసారి అర కిలోమీటరు దూరంలోనే ఉంటాయి. అందుకని ఏరియా పేరు పట్టుకుని కొనకండి. నేను అలాగే కొని దెబ్బతిన్నాను.

నేను 28 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. అందులో చాలా ఏళ్లు ఇంటి లోన్ల సీట్లోనే. ఎదుటివాళ్ల కాగితాలు జల్లెడ పట్టినవాణ్ని, నా వంతు వచ్చేసరికి బ్రోషర్ చూసి పడిపోయాను. 2013లో ఔటర్ రింగ్ రోడ్డు ఎగ్జిట్ పక్కన రెండు పడకగదుల ఫ్లాటు తీసుకున్నాను. "ఎయిర్‌పోర్టుకు 20 నిమిషాలు, గచ్చిబౌలికి 25 నిమిషాలు" అని రాశారు. అబద్ధం కాదండీ, ఆదివారం పొద్దున కార్లో వెళ్తే నిజంగానే 25 నిమిషాలు. నేను మర్చిపోయింది ఒక్కటే. అలాంటి ఇంటికి అద్దెకొచ్చే కుర్రాడి దగ్గర ఉండేది మోటార్ సైకిల్. ఔటర్ మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు. వాడు సర్వీస్ రోడ్లు పట్టుకుని, ఊళ్ల మధ్య నుంచి తిరిగి తిరిగి ఆఫీసుకు చేరేసరికి గంట పైనే. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు నా ఫ్లాటు కిటికీలోంచి చక్కగా కనిపించేది, నాకు రావాల్సిన టెనెంట్‌కు మాత్రం అది లేనట్టే.

తాళాలు చేతికొచ్చాక 11 నెలలు ఖాళీగా ఉంది. ఈఎంఐ ఆగదు, మెయింటెనెన్స్ ఆగదు. ఒకరోజు వెళ్లి వాచ్‌మన్ భార్యతో, "ఏమ్మా, ఎవరూ అడగట్లేదా?" అన్నాను. ఆమె చీపురు పక్కన పెట్టి, "కొన్నోళ్లందరు మీ లెక్కనే సార్, అద్దెకిద్దామనే కొన్నరు. ఉండెటోళ్లే లేరు" అంది. ఇన్నేళ్ల సర్వీసులో ఏ వాల్యుయేషన్ రిపోర్టులోనూ నాకు ఇంత సూటైన మాట కనపడలేదు.

కొనేవాళ్ల సందడి వేరు, ఉండేవాళ్ల సందడి వేరు. శివార్లలో మనం చూసేదంతా మొదటిదే. 2023లో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటిందని పేపర్లో రాగానే, ఆ చుట్టుపక్కల పది కిలోమీటర్ల దాకా గజం రేటు కదిలింది. అద్దె కదిలిందా? అద్దె కట్టేవాడు జీతంలోంచి కట్టాలి. వేలంలో ఎవరో వంద కోట్లు పాడారని వాడి జీతం పెరగదు కదా.

కొంచెం లెక్క వేద్దాం. బోర్డు లేదు కాబట్టి చేతి వేళ్లతోనే. ఫ్లాటు 75 లక్షలనుకోండి. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి తెలంగాణలో ఏడున్నర శాతం, అంటే ఇంకో 5 లక్షల 62 వేల పైచిలుకు. కట్టుబడిలో ఉన్న మామూలు ఫ్లాటైతే దీనికి జీఎస్టీ 5 శాతం అదనం. ఓసీ, అంటే కట్టుబడి పూర్తయింది, ఇక ఉండొచ్చని అధికారులిచ్చే సర్టిఫికెట్, అది వచ్చినాక కొంటే జీఎస్టీ లేదు, అలా కొన్నామనే అనుకుందాం. మొత్తం సుమారు 80 లక్షల 60 వేలు పెట్టారు. అద్దె నెలకు 20 వేలు, ఏడాదికి 2 లక్షల 40 వేలు. ఒక నెల ఖాళీ పోయింది, 20 వేలు తీసేయండి. ఇంటి పన్ను, పెయింటు, గీజర్ రిపేరు, బ్రోకర్ కమీషన్ అన్నీ కలిపి ఓ 30 వేలు తీసేయండి. మిగిలింది లక్షా 90 వేలు. పెట్టిన డబ్బు మీద రెండున్నర శాతం కూడా రాలేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసుకుని పడక్కుర్చీలో కూర్చున్నా ఇంతకంటే చాలా ఎక్కువే వస్తుంది.

మరి ఎందుకు కొనడం? రేటు పెరుగుతుందన్న ఆశతో. సరే, ఆ ఆశ మీ ఇష్టం, దాని గురించి నేను మాట్లాడను. అద్దె గురించి మాత్రం మాట్లాడతాను. వచ్చేదే ఇంత తక్కువైనప్పుడు, ఖాళీగా పోయే ప్రతి నెలా చాలా బరువు. నెలకు 22 వేలు వచ్చే చోట ఏడాదికి మూడు నెలలు ఖాళీ ఉంటే వచ్చేది లక్షా 98 వేలు. 18 వేలే వచ్చే చోట ఒక్క నెల కూడా ఖాళీ లేకపోతే 2 లక్షల 16 వేలు. అందుకే అద్దె ఎంత అని అడిగే ముందు, పాతవాళ్లు ఖాళీ చేశాక కొత్తవాళ్లు ఎన్నాళ్లకు వచ్చారని అడగండి. బ్రోకర్‌ను కాదు, వాచ్‌మన్‌ను, ఆ వీధి కిరాణా కొట్టతన్ని.

చూసే పద్ధతి నాకొకటి అలవాటైంది. నచ్చిన ఏరియాకు మూడుసార్లు వెళ్తాను. ఒకసారి పనిదినం పొద్దున ఏడింటికి. స్కూల్ బస్సులు ఎన్ని వచ్చాయి, ఏ గేటు దగ్గర ఆగాయి చూస్తాను. పిల్లల్ని ఎక్కించడానికి వచ్చిన తల్లులు ఉన్నారంటే ఆ వీధిలో నిజంగా కాపురాలున్నట్టు. ఇంకోసారి రాత్రి ఎనిమిదిన్నరకు వెళ్లి అపార్ట్‌మెంటు ఎదురుగా నిలబడి వెలిగే కిటికీలు లెక్కపెడతాను. 40 ఫ్లాట్లలో 12 వెలిగితే నాకు జవాబు దొరికినట్టే. మా ఆవిడ మొదట్లో నవ్వేది, ఇప్పుడు తనే లెక్కపెడుతుంది. మూడోసారి ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో, నీళ్ల కోసం.

ఈ నీళ్ల సంగతి దగ్గర కాస్త ఆగుతాను. మన శివార్లలో చాలా కాలనీలు ఇప్పటికీ బోర్ల మీద బతుకుతున్నాయి. మే నెలలో బోరు ఎండితే ట్యాంకర్. ట్యాంకర్ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుస్తుంది, మెయింటెనెన్స్ పెరిగితే టెనెంట్ అద్దె తగ్గించమంటాడు, లేదా సామాను సర్దుకుంటాడు. కాబట్టి సంప్ దగ్గరికి వెళ్లి మూత తీయించి చూడండి. జలమండలి పైపు వచ్చిందా, మీటరుందా, నీళ్లు రోజు విడిచి రోజు వస్తున్నాయా అడగండి. "లైను పడుతుంది సార్, వచ్చే ఏడాదికల్లా" అంటే, ఆ ఏడాది ఎప్పుడొస్తుందో మనకు తెలీదు.

ఎండాకాలం నీళ్లుండవు, వానాకాలం ఎక్కువవుతాయి. 2016 సెప్టెంబర్‌లో నిజాంపేట భండారీ లేఅవుట్ ఎలా మునిగిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సెల్లార్లు నిండిపోయి జనం పడవల్లో బయటికొచ్చారు. 2020 అక్టోబర్ వానలకు హైదరాబాద్ తూర్పు, దక్షిణ శివార్లలో ఎన్ని కాలనీలు నీళ్లలో ఉన్నాయో చూశాం. 2024 జులైలో చెరువుల కబ్జాలు తొలగించే హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ వచ్చాక ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), బఫర్ జోన్ (ఆ హద్దు చుట్టూ ఇళ్లు కట్టకూడని జాగా) అనే మాటలు టీ కొట్ల దగ్గర కూడా వినపడుతున్నాయి. మంచిదే. చెరువు ఎక్కడుందో మ్యాపులో చూడండి, ఆ తర్వాత సెల్లార్ గోడ మీద చూడండి. పాత నీటి చార ఉంటుంది. కొత్తగా సున్నం వేసినా లిఫ్టు గుంత పక్కన చార అంత తేలిగ్గా పోదు.

ఇక మెట్రో. 2017 నవంబర్‌లో మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోలు దాకా మొదలైంది, 2019 చివరికి రాయదుర్గం చేరింది. చివరి స్టేషన్ల చుట్టూ, అంటే మియాపూర్, నాగోలు, ఎల్బీ నగర్ దగ్గర, అద్దె ఇళ్లకు గిరాకీ నిలకడగా ఉంటుందన్నది నా అనుభవం. అయితే "ప్రతిపాదిత మెట్రో" అన్న మాటకు మాత్రం పైసా ఎక్కువ పెట్టకండి. ఉప్పల్ నుంచి నారపల్లి ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలయ్యాయి. అక్కడ ఏళ్ల తరబడి స్తంభాల మధ్య దుమ్ములో నడిచినవాళ్లను అడిగితే, ప్రతిపాదనకూ పూర్తికావడానికీ మధ్య ఎంత దూరముందో చెప్తారు.

పెద్ద కంపెనీ క్యాంపస్ పక్కన కొంటే అద్దెకు ఢోకా లేదని ఇంకో నమ్మకం. ఆదిభట్లలో టీసీఎస్ ఉంది, పోచారంలో ఇన్ఫోసిస్ ఉంది, నిజమే. పనిచేసే చోటే జనం పడుకోరు. భార్యకు ఇంకోచోట ఉద్యోగం, పిల్లలకు స్కూలు, అత్తమామలకు ఆసుపత్రి, ఇవన్నీ కలిసే చోట ఇల్లు వెతుక్కుంటారు. పైగా కంపెనీ బస్సు ఉండనే ఉంది. 2020లో కరోనాకు ఐటీ పిల్లలంతా లాప్‌టాప్ సంచిలో వేసుకుని సొంతూళ్లకు వెళ్లిపోయారు, వాళ్లనే నమ్ముకున్న ఓనర్లు ఏడాదిన్నర గోళ్లు గిల్లుకున్నారు. అప్పుడు కూడా ఖాళీ కాని ఇళ్లు ఏవి? ఆసుపత్రి నర్సులు, స్కూలు టీచర్లు, మెడికల్ షాపువాళ్లు, చిన్న ఫ్యాక్టరీ సూపర్‌వైజర్లు ఉండేవి. నేను ఇప్పుడు వెతికేది ఆ కలగాపులగం. ఒకే రకం జీతం మీద నడిచే వీధికి నేను దూరం.

ఇంకో మాట, కొందరికి నచ్చకపోవచ్చు. మనలో చాలామంది బోర్డు మీద "ఓన్లీ ఫ్యామిలీస్" అని రాస్తాం. బ్యాచిలర్లకు ఇవ్వం, మాంసం వండేవాళ్లకు ఇవ్వం, కులం అడగందే తాళం తియ్యం. ఆ తర్వాత ఆరు నెలలు ఖాళీగా ఉందని బాధపడతాం. తప్పొప్పుల సంగతి పక్కన పెట్టినా, వచ్చే పదిమందిలో ఏడుగుర్ని గేటు దగ్గరే పంపేసి ఏరియా మంచిది కాదనడం ఏం లెక్క?

కాగితాల గురించి వివరంగా ఇంకో రోజు చెప్తాను. ఇవాళ్టికి ఇంతే: రెరా నంబరు (ప్రాజెక్టు రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ దగ్గర నమోదైందనడానికి గుర్తు), ఓసీ, మీ పేరిట ఎంత యూడీఎస్, అంటే అపార్ట్‌మెంటు స్థలంలో మీ వాటా, వస్తోంది, ఈ మూడూ చూడకుండా టోకెన్ ఇవ్వకండి. అద్దె అగ్రిమెంటు 11 నెలలకు రాసుకోవడం ఆచారం. అద్దె ఆదాయం మీద పన్ను లెక్కించేటప్పుడు, మున్సిపాలిటీకి కట్టిన ఇంటి పన్ను పోగా మిగిలిన దానిలో 30 శాతం మినహాయింపు వస్తుంది, ఖర్చు బిల్లులు చూపించక్కర్లేదు. అది మర్చిపోయి పన్ను ఎక్కువ కట్టినవాళ్లను నేను చూశాను.

నా ఆ ఫ్లాటు ఏమైందని అడుగుతారు. 2019లో అమ్మేశాను, వడ్డీతో లెక్కేస్తే నష్టానికే. వచ్చిన డబ్బుతో నిజాంపేటలో 12 ఏళ్ల పాత అపార్ట్‌మెంటులో, మూడో అంతస్తులో చిన్న ఫ్లాటు తీసుకున్నాను. స్విమ్మింగ్ పూల్ లేదు, క్లబ్ హౌస్ లేదు. లిఫ్టు నెలకోసారి మొరాయిస్తుంది. కింద కూరగాయల బండి, సందు చివర బస్టాపు, పది అడుగులేస్తే స్కూలు. పోయిన నెల మా టెనెంట్ ఫోన్ చేసి, "అంకుల్, జూన్‌లో ఖాళీ చేస్తున్నాం, మా పక్కింటావిడ చెల్లెలు తీసుకుంటానంటోంది, టులెట్ బోర్డు పెట్టకండి" అంది.

ప్రశ్నలుంటే అడగండి. ఈలోగా ఎవరైనా ఆ ఫ్యాను కాస్త తగ్గిస్తారా, కాగితాలు ఎగిరిపోతున్నాయి.