ఆగ్డెన్ మీద ట్రాఫిక్

శ్రోతలకు నమస్కారం. మా అక్క కొడుకు అమెరికాలో, షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటాడు. సాయంత్రం పూట ఎప్పుడు ఫోన్ చేసినా వాడిది ఒకటే మాట, "ఆగ్డెన్ మీద ఇరుక్కుపోయాను పిన్నీ, ఇంటికెళ్ళి చేస్తాను" అని. ఈ ఆగ్డెన్ ఎవర్రా అని ఒకసారి అడిగితే "ఎవరో ఏంటి, రోడ్డు" అన్నాడు. అరోరా బాలాజీ గుడికి వెళ్ళే మనవాళ్ళలో కూడా చాలామంది ఆ రోడ్డెక్కే ఉంటారు. కానీ రోడ్డు కాకముందు అది ఒక మనిషి పేరు. విలియం బట్లర్ ఆగ్డెన్, షికాగోకి మొట్టమొదటి మేయరు.

ఆయన పుట్టింది 1805లో, న్యూయార్క్ రాష్ట్రంలో వాల్టన్ అనే చిన్న ఊళ్ళో. పదిహేనేళ్ళ వయసుకే ఇంటి వ్యాపారం నెత్తిన పడింది. 1835లో బావగారు చార్లెస్ బట్లర్ షికాగోలో లక్ష డాలర్లు పోసి భూమి కొని, నువ్వెళ్ళి దాని సంగతి చూడు అని ఈయన్ని పంపారు. వచ్చి చూస్తే ఏముంది, నది పక్కన చిత్తడి, తుప్పలు, గడ్డి, అడుగేస్తే చీలమండ దాకా దిగిపోయే బురద. నువ్వు చాలా తెలివితక్కువ పని చేశావు అని బావకి ఉత్తరం రాసేశాడు. రాసి ఊరుకోలేదు, నీళ్ళు బయటికి పోయేలా చేయించి, ప్లాట్లు కొలిపించి, వేలం పెట్టాడు. మూడో వంతు భూమి అమ్మేసరికి పెట్టిన డబ్బంతా తిరిగొచ్చింది! ఇంత బురదకి అంత రేటేంటో, కొన్నవాళ్ళ పిచ్చేంటో ఆయనకి అప్పుడూ అర్థం కాలేదు. అయినా మళ్ళీ అక్కడికే వచ్చి స్థిరపడ్డాడు. ఆ నేల అంతకుముందు ఎవరిదంటే పొటావటోమీ తెగవాళ్ళది, 1833 ఒప్పందంతో వాళ్ళని మిసిసిపీ నది అవతలికి పంపేశారు. వేలంలో చేతులు మారింది ఆ నేలే, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

1837 మేలో ఎన్నిక జరిగింది. ఊరి జనాభా నాలుగు వేల పైచిలుకు, పడ్డవి ఏడు వందల ఓట్లు, ఆగ్డెన్ గెలిచాడు. ఏ ముహూర్తాన గెలిచాడో గానీ అదే నెలలో దేశమంతా బ్యాంకులు చేతులెత్తేశాయి. నిన్నటిదాకా ఎగిరెగిరి పడిన స్థలాల రేట్లు కుప్పకూలాయి, ఊళ్ళో అప్పు లేనివాడు లేడు. జనం మీటింగు పెట్టుకుని, కోర్టులు మూసేద్దాం, బాకీలు ఎగ్గొడదాం అన్నారు. కొత్త మేయరు లేచి నిలబడి అన్నదాని సారాంశం ఇది: బలం తగ్గిందని బయటికి తెలియనివ్వకుండా నిలబడి ఎన్నో కోటలు దక్కాయి, పసి ఊరు ఇది, దీని పరువు తీయొద్దు. గమ్మత్తేమిటంటే ఈయన కూడా వాళ్ళకీ వీళ్ళకీ హామీలుండి పీకల దాకా మునిగే ఉన్నాడు. ఊరి ఖర్చులకి మునిసిపాలిటీయే కాగితాలు అచ్చేసి డబ్బు బదులు చలామణీ చేసింది. ఊరి మేయరుగా, ఊరి స్థలాల యజమానిగా ఆయనకి స్వార్థం లేదని నేననను. ఊరి మాట పోతే తన ప్లాట్లు కొనేవాడెవడు? కానీ ఎగ్గొట్టకపోవడం వల్లే తూర్పువైపు షావుకార్లు ఆ ఊరిని మళ్ళీ నమ్మారని నాకనిపిస్తుంది.

మేయరుగిరీ ఒక్క ఏడాదే. అసలు కథ తరవాతిది. 1847లో కోత యంత్రం పట్టుకొచ్చిన మెకార్మిక్‌కి పాతిక వేల డాలర్లిచ్చి సగం వాటా తీసుకున్నాడు, ఫ్యాక్టరీ షికాగోలోనే పెట్టించాడు. అదే ఏడు, షికాగో నుంచి పడమర వైపు గలీనా అనే ఊరికి వేయాలనుకుని పదకొండేళ్ళుగా కాగితం మీదే పడున్న రైలు మార్గాన్ని నెత్తికెత్తుకున్నాడు. షికాగో దుకాణాలవాళ్ళు ససేమిరా అన్నారు. బళ్ళు కట్టుకుని ఊళ్ళోకొచ్చే రైతు దారిలో స్టేషన్ల దగ్గరే సరుకు అమ్మేసి పోతే మా దగ్గర కొనేదెవరు అని. బైపాస్ వేస్తామంటే మన ఊళ్ళలో మెయిన్ రోడ్డువాళ్ళు గోల చేయరూ, అలాగే. సరే అని ఆగ్డెన్ దారి పొడుగునా ఊరూరూ తిరిగి రైతులనే అడిగాడు. పాలూ వెన్నా అమ్మిన డబ్బుల్లోంచి కడతామని ఆడవాళ్ళు కూడా ముందుకొచ్చారట.

1848 నవంబరు 20న 'పయనీర్' అనే సెకండ్ హ్యాండ్ ఇంజను పెద్దమనుషులని ఎక్కించుకుని డెస్‌ప్లెయిన్స్ నది దాకా వెళ్ళింది. కర్ర పట్టాల మీద ఇనప బద్దలు కొట్టిన దారి అది. తిరిగొస్తుంటే ఒక రైతు ఎడ్లబండిలో గోధుమలు తోలుకుపోతున్నాడు. రైల్లోవాళ్ళు బేరమాడి అక్కడికక్కడే కొని, బండిలోంచి రైల్లోకెక్కించారు. షికాగోకి రైలు మీదొచ్చిన మొదటి గింజలు అవే. స్టేషన్ పైన ఒక చిన్న బురుజు ఉండేది. ఆగ్డెన్ తరవాత కంపెనీ ప్రెసిడెంటైన జాన్ టర్నర్ ఓడల్లో వాడే దుర్భిణి పట్టుకుని అక్కడ నిలబడి, గడ్డి మైదానంలో పొగ కనబడగానే కింద ఉన్నవాళ్ళకి బండొస్తోందని చెప్పేవాడు. కంపెనీ ప్రెసిడెంటు చేసే పనా అది! ఆ ఇంజను ఇప్పటికీ షికాగో హిస్టరీ మ్యూజియంలో ఉంది.

1871 అక్టోబరు 8 రాత్రి షికాగో తగలబడింది. న్యూయార్క్ నుంచి పరుగెత్తుకొచ్చిన ఆగ్డెన్, చీకట్లో బండి కట్టించుకుని ఎంత తిరిగినా తన ఇల్లు ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాడు, వీధులే లేవు మరి. చుట్టుపక్కల తమ్ముడు మాలన్ ఇల్లొక్కటే నిలబడి ఉంది. ఇంతలో ఇంకో కబురు. అదే రాత్రి విస్కాన్సిన్‌లో పెష్టిగో అనే ఊరు, ఆయన కలప మిల్లులున్న ఊరు, అడవి మంటల్లో బూడిదైపోయింది. షికాగోలో పోయినవాళ్ళు మూడు వందలైతే అక్కడ పన్నెండు వందల పైనే. లోకమంతా షికాగో అంటుంటే ఈయన పెష్టిగో వెళ్ళి మిల్లు మళ్ళీ కట్టే పనిలో దిగాడు. వయసప్పుడు అరవై ఆరు.

అరవై తొమ్మిదో ఏట పెళ్ళి చేసుకున్నాడు, 1877లో న్యూయార్క్‌లో పోయాడు.

మా వాడి రోడ్డు సంగతి చెప్పలేదు కదూ. గలీనా రైలు మా ఊరికి అక్కర్లేదు, బళ్ళు పోవడానికి మేం చెక్కలు పరిచి రోడ్డు వేసుకున్నాం, అది చాలు అన్నారు అప్పట్లో నేపర్‌విల్‌వాళ్ళు. రైలు పక్క ఊరు వీటన్ మీదుగా పోయింది. ఆ చెక్కల రోడ్డుకే తరవాత ఆగ్డెన్ పేరు పెట్టారు. నేపర్‌విల్‌కి రైలు 1864లో గానీ రాలేదు, అదీ వేరే కంపెనీది.