తొట్లకొండకు కుటుంబంతో వెళ్తున్నారా? నీళ్ల తొట్ల దగ్గర మొదలుపెట్టండి

నమస్కారం అండి. విశాఖపట్నానికి చుట్టాలొస్తే మనం ఎక్కడికి తీసుకెళ్తాం? ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి. ఇంకో పూట మిగిలితే రుషికొండ. అక్కడితో ఊరు చూపించేశాం అనుకుంటాం. అదే బీచ్ రోడ్డులో రుషికొండ దాటి భీమిలి వైపు ఇంకొన్ని కిలోమీటర్లు పోతే, ఎడమ చేతి వైపు కొండ మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ ఆరామం, అంటే బౌద్ధ భిక్షువులు ఉండే చోటు, ఉంది. అదే తొట్లకొండ. ఊరి నడిబొడ్డు నుంచి సుమారు 15 కిలోమీటర్లు. ఈ వీడియోలో ఆ చోటు ఎలా ఉంటుందో, పిల్లలతో, పెద్దవాళ్లతో కలిసి వెళ్లాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలో వివరంగా చెప్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కుటుంబంతో చూడటానికి విశాఖ చుట్టుపక్కల ఇంత మంచి చోటు ఇంకోటి లేదు. అయితే భీమిలి వెళ్తూ వెళ్తూ దారిలో ఒక పావుగంట ఆగి చూసే చోటు మాత్రం కాదు. అలా వెళ్లినవాళ్లంతా "ఏముందక్కడ, నాలుగు మొండి గోడలు, వ్యూ బాగుంది" అనేసి దిగిపోతారు. దీనికంటూ ఒక పూట పెట్టుకోండి. పొద్దున పూటైనా సరే, సాయంత్రమైనా సరే.

ముందు టైమింగ్ గురించి. మన సముద్రం తూర్పున ఉంది. కాబట్టి సముద్రంలో సూర్యాస్తమయం చూద్దామని ఇక్కడికి రావద్దు. సూర్యుడు మీ వెనక కొండల్లోకి దిగుతాడు. కానీ సాయంత్రం నాలుగు తర్వాత వచ్చే ఏటవాలు ఎండ సరిగ్గా శిథిలాల మీద పడుతుంది. రాళ్లు, ఇటుకలు ఎర్రగా మెరుస్తాయి, వెనక సముద్రం నీలంగా కనిపిస్తుంది. ఫొటోలకు అదే మంచి టైమ్. చీకటి పడేదాకా ఉందామంటే కుదరదు, గేటు వేసేస్తారు. అందుకని మూడున్నరకల్లా పైకి చేరేలా బయల్దేరండి. పొద్దున వెళ్లేవాళ్లు గేటు తెరవగానే వెళ్లాలి, పది దాటితే కష్టం. పైన నీడ చాలా తక్కువ. గాలి బాగా వీస్తుంది కాబట్టి ఎండ తెలియదు. తెలియకపోవడమే ప్రమాదం, పిల్లలు టోపీ తీసేసి తిరుగుతారు, ఇంటికొచ్చాక తలనొప్పి మొదలవుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో అయితే చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో అసలు పెట్టుకోవద్దు. విశాఖ ఉక్కపోత సంగతి మీకు తెలిసిందే.

ఎలా వెళ్లాలి? సొంత బండి ఉంటే టెన్షన్ లేదు, ఘాట్ రోడ్డు పైదాకా వెళ్తుంది. భీమిలి వైపు వెళ్లే సిటీ బస్సు ఎక్కి బీచ్ రోడ్డు మీద దిగొచ్చు, కానీ అక్కడి నుంచి కొండ ఎక్కాలి. కుర్రాళ్లకు అది మంచి నడకే. ఇంట్లో నాన్నమ్మో, అమ్మమ్మో ఉంటే మాత్రం ఆ ఆలోచన వదిలేయండి. ఆటోలో వచ్చేవాళ్లు రానూపోనూ మాట్లాడుకుని, వెయిటింగ్‌తో కలిపి ఎంతో ముందే తేల్చుకోండి. పైన మీకు ఖాళీ ఆటో దొరకదు.

పెద్దవాళ్ల గురించి ఇంకొంచెం చెప్పాలి. బండి దిగాక లోపల నడవాల్సిందే. నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది, పరిచిన రాళ్లు కొన్ని చోట్ల ఎత్తు, కొన్ని చోట్ల పల్లం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు చేతికర్ర, పట్టు ఉన్న చెప్పులు తప్పనిసరి. చక్రాల కుర్చీ లోపల అంతటా తిరగదు. అలాంటివాళ్లను గేటుకు దగ్గర్లోనే నీడ చూసి కూర్చోబెట్టండి, ఎవరో ఒకరు వంతులవారీగా తోడుండండి. అక్కడ కూర్చున్నా గాలికీ, కొండ మీది ఆ ప్రశాంతతకూ వాళ్లు సంతోషపడతారు.

నీళ్లు మనిషికో సీసా చొప్పున కింది నుంచే పట్టుకెళ్లండి. పైన తినడానికి ఏదో ఒకటి దొరుకుతుందిలే అన్న నమ్మకంతో వెళ్లకండి. బాత్రూమ్ పని రుషికొండ దగ్గరే చూసుకుని బయల్దేరితే పిల్లలతో ఇబ్బంది ఉండదు. బిర్యానీ ప్యాకెట్లు మాత్రం దయచేసి పైకి తేవద్దు. కింద బీచ్ రోడ్డు పొడవునా తినే చోట్లున్నాయి, దిగొచ్చాక తినండి.

ఇప్పుడు అసలు విషయం. లోపలికి వెళ్లగానే అందరూ చేసేది ఒకటే. నేరుగా గుండ్రంగా కనిపించే పెద్ద స్తూపం దగ్గరికి పోయి ఫొటో దిగుతారు, తర్వాత సముద్రం వైపు తిరిగి ఇంకోటి దిగుతారు. పిల్లలకు అప్పటికే విసుగొచ్చేస్తుంది. మీరు అలా చేయొద్దు. ముందు తొట్ల దగ్గరికి తీసుకెళ్లండి.

ఇదిగో, స్క్రీన్ మీద చూడండి. కొండ రాతిలోకే తొలిచిన తొట్లు ఇవి. కట్టినవి కావు, తొలిచినవి. అంచు దగ్గర వంగి చూస్తే నలుచదరంగా దిగిన గోడ కనిపిస్తుంది, దాని మీద పచ్చగా నాచు పట్టిన నీళ్ల మట్టం గీత. ఇక్కడ పిల్లల్ని ఒకటే అడగండి. "ఈ కొండ మీద ఏరు లేదు, చెరువు లేదు, ఎదురుగా ఉన్నదంతా ఉప్పు నీళ్లు. మరి ఇక్కడ అంతమంది ఎలా బతికారు?" వాళ్లే చుట్టూ చూస్తారు, వాళ్లే చెప్తారు, వాననీళ్లు అని. కొండ మీద పడ్డ వానను పట్టి, రాతి తొట్లలో దాచుకుని, ఏడాది పొడవునా వాడుకున్నారు. ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే అపార్ట్‌మెంట్ పిల్లలకు ఈ మాట ఇట్టే అర్థమవుతుంది. ఒక్క జాగ్రత్త, తొట్ల అంచుల దగ్గర చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు. నాచు మీద కాలు జారుతుంది.

నీళ్ల సంగతి తెలిశాక మిగతాదంతా ఇల్లు చూసినట్టు చూడొచ్చు. మోకాలి ఎత్తు గోడలతో వరసగా చిన్న చిన్న గదులు కనిపిస్తాయి. అవి విహారాలు, భిక్షువులు ఉన్న గదులు. ఒక గది గడప దగ్గర నిలబడి మీ అబ్బాయినో, అమ్మాయినో లోపలికి వెళ్లి చేతులు చాపమనండి. ఒక మనిషి పడుకుని, ఇంకొంచెం చోటు మిగిలేంత గది. చాప, భిక్షాపాత్ర, కట్టుకునే వస్త్రాలు తప్ప సామాను లేని మనిషికి అది చాలు. భిక్షువులు మామూలుగా ఊళ్లు తిరుగుతూ ఉంటారు, వానాకాలంలో మూడు నెలలు మాత్రం ఒకే చోట ఉండాలని వాళ్ల నియమం. దాన్నే వర్షావాసం అంటారు. ఆ మూడు నెలల్లో ఈ గదులన్నీ నిండి ఉన్నట్టు ఊహించుకోండి, బయట సముద్రం మీద వాన.

గదులయ్యాక భోజనశాల, సామాన్లు దాచుకునే కొట్లు, రాతి స్తంభాలు నిలిచిన సభామండపం చూడండి. అటు నుంచి ఇటు వెళ్లడానికి వేసిన రాతి దారులు, వాననీరు పోవడానికి కట్టిన కాలువలు కూడా గమనించండి. ఇక్కడ ఉన్నవాళ్లు ప్రపంచాన్ని వదిలేసినవాళ్లే, అయినా ఊడ్చుకోవడం, వండుకోవడం, నీళ్లు పోయే దారి చూసుకోవడం అన్నీ ఉన్నాయి. నాకు ఈ చోటు మీద ఇంత ప్రేమ కలగడానికి కారణం అదే. ఇక్కడ రాజుగారి కోట లేదు, సింహాసనం లేదు. మామూలు రోజు ఎలా గడిచిందో కనిపిస్తుంది.

అప్పుడు చివరగా మహాస్తూపం దగ్గరికి రండి. ఇక్కడ ఉన్నవాళ్లు తొలినాటి థేరవాద బౌద్ధులు, బౌద్ధంలో అదొక పాత శాఖ. అప్పట్లో వాళ్లు బుద్ధుణ్ణి విగ్రహంగా పెట్టి పూజించేవాళ్లు కాదు. అందుకే పూజ అంతా స్తూపానికి, పాదముద్రలకు. తవ్వకాల్లో బుద్ధపాదాలు చెక్కిన రాతి పలకలు దొరికాయి. స్తూపం చుట్టూ మెల్లగా ప్రదక్షిణగా నడవండి, పెద్దవాళ్లకు ఎవరూ చెప్పకుండానే చేతులు జోడించాలనిపిస్తుంది. పైకి మాత్రం ఎక్కొద్దు, పిల్లల్ని ఎక్కించొద్దు. 2019 అక్టోబరులో కురిసిన భారీ వానలకు ఈ మహాస్తూపంలో ఒక భాగం కూలిపోయింది. తర్వాత దాన్ని తిరిగి కట్టారు. అంటే మీరిప్పుడు చూస్తున్నదాంట్లో కొంత ఈ మధ్య పేర్చింది. ఆ సంగతి తెలిసే చూడటం మంచిది. దాని విలువ తగ్గుతుందని నేననుకోను, కానీ ఎంత జాగ్రత్తగా ఉండాలో అర్థమవుతుంది. కొన్ని రాళ్ల మీద పేర్లు, లవ్ గుర్తులు గీకి ఉన్నాయి. చూస్తుంటే బాధేస్తుంది. మీ పిల్లలకు అవి చూపించి, ఇలా చేయకూడదని అక్కడే చెప్పండి.

చరిత్ర కొంచెం చెప్తాను, దారిలో బండిలో పిల్లలకు చెప్పడానికి పనికొస్తుంది. 1976లో నౌకాదళం తమ అవసరాల కోసం ఈ ప్రాంతాన్ని విమానం నుంచి సర్వే చేస్తున్నప్పుడు ఈ కొండ మీద శిథిలాలున్నట్టు బయటపడింది. 1978లో రక్షిత ప్రదేశంగా ప్రకటించారు. 1988 తర్వాత కొన్నేళ్ల పాటు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. అప్పుడు దొరికినవాటిలో శాతవాహనుల నాణేలు, బ్రాహ్మీ అనే పాతకాలపు లిపిలో శాసనాలు ఉన్నాయి. వాటితో పాటు రోమన్ వెండి నాణేలు కూడా! భీమిలి పక్కన కొండ మీదికి రోము డబ్బు ఎలా వచ్చింది? కింద సముద్రం చూపించండి, జవాబు అక్కడే ఉంది. ఓడల్లో సరుకు వెళ్లేది, డబ్బు వచ్చేది. ఆ వ్యాపారులు ఇచ్చిన దానాలతోనే ఇలాంటి ఆరామాలు నడిచేవి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నుంచి క్రీస్తు శకం మూడో శతాబ్దం దాకా ఇక్కడ జీవితం సాగిందని చెబుతారు. రోము వ్యాపారం తగ్గడం కూడా ఈ చోటు ఖాళీ కావడానికి ఒక కారణమంటారు. ఇవన్నీ మీరు ముందే చెప్పి తీసుకెళ్లండి. అక్కడి బోర్డులు చదివితే పెద్దవాళ్లకు కొంత తెలుస్తుంది గానీ, పదేళ్ల పిల్లాడికి ఎక్కవు.

దగ్గర్లోనే బావికొండ ఉంది, అది కూడా ఇలాంటి ఆరామమే. 1980ల్లో తవ్వారు. అక్కడి మహాచైత్యంలో, అంటే పెద్ద స్తూపంలో, మట్టి పాత్రలో బూడిదతో పాటు ఒక ఎముక ముక్క దొరికింది, అది బుద్ధుడి ధాతువే, అంటే ఆయన శరీర అవశేషమే, అయ్యుండొచ్చని భావిస్తారు. జనం తక్కువ, ప్రశాంతంగా ఉంటుంది. మరి రెండూ ఒకే రోజు చూడాలా? పిల్లలు చిన్నవాళ్లయితే వద్దు. రెండో చోట వాళ్లకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి, మీకూ ఓపిక ఉండదు. చరిత్ర మీద ఇష్టం ఉన్న పెద్ద పిల్లలైతే, పొద్దున్నే తొట్లకొండ, మధ్యలో భోజనం, విశ్రాంతి, సాయంత్రం బావికొండ పెట్టుకోండి. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ గురించి చాలామంది అడుగుతున్నారు. కొండ రాతినే స్తూపాలుగా మలిచిన అద్భుతమైన చోటు అది. కానీ మెట్లు ఎక్కువ, దారి పూర్తిగా ఇంకో వైపు. దానికి వేరే రోజు పెట్టుకోండి, వేరే వీడియో చేస్తాను.

తొట్లకొండ దిగాక పిల్లలు ఎలాగూ బీచ్ అంటారు. మంగమారిపేట దగ్గర ఒడ్డున సహజంగా ఏర్పడిన రాతి తోరణం ఉంది, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బాగా కనిపిస్తుంది. ఒడ్డు నుంచే చూపించండి. ఈ తీరంలో లోపలి ప్రవాహాలు ఎక్కువ, స్నానాలకు దిగనివ్వకండి. టైమ్ ఇంకా ఉంటే భీమిలి దారిలోనే ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. తోరణం, దిబ్బలు, భీమిలి డచ్చివాళ్ల సమాధులు, ఈ మూడింట్లో ఒక్కటే ఎంచుకోండి. మూడూ ఒకే పూటలో కుక్కితే, పొద్దున తొట్లకొండ మీద చూసింది కూడా ఎవరికీ గుర్తుండదు.

వానాకాలంలో వెళ్లేవాళ్లకు ఒక మాట. కొండ పచ్చగా, తొట్లు నిండుగా, చూడముచ్చటగా ఉంటుంది. కానీ పొదల్లో పాములుంటాయి, దారి వదిలి అడ్డంగా నడవొద్దు, పిల్లలకు బూట్లు వేయండి. తుపాను హెచ్చరిక ఉంటే ఆ రోజుకి మానేయండి, ఘాట్ రోడ్డు మీద రిస్క్ వద్దు.

మీరు ఇంట్లో పెద్దవాళ్లను తీసుకుని ఈ మధ్య తొట్లకొండ వెళ్లుంటే, లోపల నడక వాళ్లకు ఎలా అనిపించిందో కింద రాయండి. వెళ్దామా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకు నా మాట కంటే అది ఎక్కువ ఉపయోగపడుతుంది. ఉంటానండి.