కొమ్మ నొవ్వకుండా కాయ కోయడం: ఆపిల్ తోటలో ఒక పూట

ప్రేక్షక మిత్రులకు నమస్కారం. ఇప్పుడు తెరపై మీరు చూస్తున్నది ఒక అరచెయ్యి, అందులో ఒదిగి ఉన్న ఒక ఆపిల్ కాయ. కాయ ఇంకా కొమ్మకే ఉంది. చేతిని కిందికి లాగకుండా, కాయను అలాగే పైకెత్తి కొద్దిగా తిప్పగానే తొడిమ కొమ్మను దానంతట అదే విడిచింది. ఆకు రాలలేదు, కొమ్మ ఊగలేదు. ఈరోజు నేను చెప్పదలచుకున్న మాటలన్నీ ఈ ఒక్క కదలిక చుట్టూ తిరుగుతాయి.

పల్లెపట్టుల్లోని కొన్ని ఆపిల్ తోటల్లో కోతల కాలంలో రైతులు సందర్శకులను లోపలికి రానిచ్చి, ఎవరి కాయలు వారినే కోసుకోనిచ్చి, బయటికి వెళ్లేటప్పుడు తూకం వేసో, సంచి లెక్కనో సొమ్ము తీసుకుంటారు. చాలామంది దీనిని పిల్లలతో గడిపే విహారంగా భావించి వెళతారు, అందులో తప్పేమీ లేదు. అయితే ఆ గేటు దాటిన క్షణం నుంచి, ఏడాది పొడవునా ఒక కుటుంబం చేసిన సేద్యంలో చివరి పనిని, అంటే కోతను, మన చేతుల్లో పెట్టారని నేను నమ్ముతాను. ఆ పని తెలిసి చేసినవారికి దుకాణంలో ఎన్నడూ దొరకని రుచి దొరుకుతుంది. తెలియక చేసినవారి వల్ల వచ్చే ఏటి కాపు కూడా కొంత నేలపాలవుతుంది.

రెండోది ఎలా జరుగుతుందో నా అనుభవంతోనే చెబుతాను. మొదటిసారి తోటకు వెళ్లినప్పుడు నేను కాయను పట్టుకుని గట్టిగా కిందికి లాగాను. కాయతో పాటు వేలెడంత పొడవున్న, ముడతలు ముడతలుగా ఉన్న ఒక పొట్టి రెమ్మ కూడా ఊడి వచ్చింది. తోట యజమానురాలు కోప్పడలేదు. ఆ రెమ్మను చేతిలోకి తీసుకుని, దాని కొసన ఉన్న ఉబ్బెత్తు మొగ్గను చూపించి, "ఇది వచ్చే వసంతంలో పూయవలసిన మొగ్గ" అని మాత్రం అన్నారు. ఆపిల్ ఎక్కువగా ఇలాంటి పొట్టి రెమ్మల మీదే కాస్తుంది. రెండేళ్లు, అంతకు పైబడిన కొమ్మల మీద పుట్టే ఈ రెమ్మలు ఏళ్ల తరబడి కాస్తూనే ఉంటాయి. ఈ ఏటి కాయ ఇంకా ఎదుగుతూ ఉండగానే, ఎండాకాలంలోనే, దాని పక్కన వచ్చే ఏటి పూమొగ్గ రూపుకట్టడం మొదలవుతుంది. కాబట్టి ఆ రోజు నేను ఊడబెరికింది ఒక కాయనే అయినా, చెట్టు పోగొట్టుకున్నది ఎన్నో కాపులు. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది, అందుకే ఈ వీడియో చేస్తున్నాను.

పట్టు ఎలా ఉండాలో దగ్గరగా చూడండి. వేళ్ల కొసలతో నొక్కకూడదు, ఎందుకంటే వేలికొస గుచ్చుకున్న చోట రెండు రోజుల్లో కమిలిన మచ్చ తేలుతుంది. అరచేతిలో కాయను కూర్చోబెట్టి, చూపుడు వేలిని తొడిమ కొమ్మను అంటుకున్న చోటికి చేర్చి, కాయ అడుగు ఆకాశం వైపు తిరిగేలా పైకెత్తాలి. పక్వానికి వచ్చిన కాయ తొడిమకూ రెమ్మకూ మధ్య కణాల పొర ఒకటి అప్పటికే సడలి ఉంటుంది కాబట్టి, ఆ మాత్రం వంపుకే అది విడిపోతుంది. విడిపోకపోతే ఆ కాయకు ఇంకా సమయం రాలేదని అర్థం. దానిని వదిలి పక్క కాయను చూసుకోవాలి. తొడిమ కాయకే అంటి ఉండేలా కోయాలన్నది కూడా గుర్తుంచుకోండి. తొడిమ పీకేసినప్పుడు పడే గుంట గుండా కుళ్లు సులువుగా లోపలికి దిగుతుంది.

ఇక ఏ కాయ పండిందో గుర్తించడం ఎలా? ఎర్రగా ఉన్నది పండిందని అనుకోవడం అందరమూ చేసే పొరపాటు. ఎరుపు ఎక్కువగా ఎండ ఇచ్చే రంగు. దక్షిణపు ఎండ నేరుగా తగిలే కొమ్మ మీద పచ్చి కాయ కూడా ఎర్రబారవచ్చు, ఆకుల చాటున ఉన్న కాయ పండి కూడా వెలవెలబోతూ ఉండవచ్చు. చూడవలసింది ఆ ఎరుపు వెనుక ఉన్న నేపథ్యపు రంగును, ముఖ్యంగా తొడిమ చుట్టూ ఉన్న గుంటలో. అక్కడ ముదురు ఆకుపచ్చ ఉంటే కాయ పచ్చిది. అది పాలిపోయి లేత పసుపులోకి తిరిగితే కాయ సిద్ధమైనట్టే. గ్రానీ స్మిత్ వంటి పచ్చరంగు రకాలకు ఈ గుర్తు అంతగా పనికిరాదు, వాటి విషయంలో తోటవారి మాటే ప్రమాణం.

లోపల జరుగుతున్నది ఇంకా ఆసక్తికరమైన సంగతి. ఎదిగే కాయ తన ఆహారాన్ని పిండిపదార్థంగా దాచుకుంటుంది, పండేటప్పుడు దానిని చక్కెరగా మార్చుకుంటుంది. రైతులు కోతకు ముందు కొన్ని కాయలను అడ్డంగా కోసి అయోడిన్ ద్రావణం పూస్తారు. పిండిపదార్థం మిగిలి ఉన్న మేర కండ నల్లబడుతుంది, చక్కెరగా మారిన మేర తెల్లగా ఉండిపోతుంది. ఈ తెలుపు గింజల గదుల దగ్గర మొదలై తొక్క వైపుకు వ్యాపిస్తుంది. నెలల తరబడి నిల్వ చేయదలచిన కాయలను నలుపు ఇంకా బాగా మిగిలి ఉండగానే కోసి, ప్రాణవాయువు బాగా తగ్గించిన చల్లని గదుల్లో ఉంచుతారు. మనం తోటలో కోసుకునే కాయకు చెట్టు మీదే మరికొన్ని రోజులు పండే భాగ్యం ఉంటుంది, ఆ రుచి రహస్యం అదే. అయితే చెట్టు మీద పూర్తిగా పండిన కాయ ఎక్కువ కాలం నిలవదు. ఆ వారంలో తినడానికి బాగా పండినవి, నెల తరువాత తినడానికి కాస్త దోరగా ఉన్నవి కోసుకోవడం నా పద్ధతి.

ఒకే చెట్టు మీద కాయలన్నీ ఒకేసారి పండవు. ఎండ తగిలే పై భాగంలో, వెలుపలి అంచుల్లో ఉన్నవి ముందు పండుతాయి, నడిమి నీడలోవి తరువాత పండుతాయి. రకాల మధ్య తేడా మరీ ఎక్కువ. గాలా రకం పూత నిండుగా విచ్చిన నాటి నుంచి సుమారు 110 నుంచి 120 రోజుల్లో కోతకు వస్తే, ఫ్యూజీ రకానికి 170 రోజులు దాటాలి. అందువల్ల ఉత్తరార్ధగోళంలో ఆగస్టు చివరి నుంచి అక్టోబరు చివరి దాకా, దక్షిణార్ధగోళంలో ఫిబ్రవరి నుంచి మే దాకా ఏదో ఒక వరుస కోతకు సిద్ధంగా ఉంటుంది. బయలుదేరే ముందు తోటకు ఫోన్ చేసి ఆ వారం ఏ రకం పండిందో, ఏ వరుసలు తెరిచారో అడగడం తప్పనిసరి. కొన్ని ఏళ్లలో అసలు కాయలే లేవనే జవాబు కూడా వస్తుంది. పూత నిండుగా విచ్చి ఉన్న రోజున ఉష్ణోగ్రత సున్నాకు దిగువ రెండు డిగ్రీలకు పడిపోతే పువ్వుల్లో దాదాపు పదో వంతు మాడిపోతాయి. నాలుగు డిగ్రీలకు పడిపోతే పదింట తొమ్మిది పోతాయి. ఆ రెండు డిగ్రీల తేడా కోసం రాత్రంతా మేలుకున్న రైతుకు ఫోన్‌లో మన విసుగు వినిపించకుండా ఉంటే మంచిది.

తోటలో నడుస్తున్నప్పుడు చెట్ల ఎత్తును గమనించండి. తెరపై కనిపిస్తున్న ఈ చెట్టు కొస దాదాపు నా చేతికి అందుతోంది. విత్తనం నుంచి తనంతట తాను పెరిగిన ఆపిల్ చెట్టు ఆరు నుంచి తొమ్మిది మీటర్ల ఎత్తుకు వెళుతుంది, దాని మీది కాయలకు నిచ్చెన లేకుండా దారి లేదు. ఈ పొట్టి చెట్లు అంటు చెట్లు. కింద వేరుకు ఒక రకం, పైన కాపుకు మరొక రకం. నేలకు జానెడు ఎత్తులో కాండం మీద కనిపించే ఈ బొడిపె ఆ రెండూ కలిసిన చోటు. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో 1913లో ఏర్పడిన ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రం, అంతకు ముందు కలగాపులగంగా వాడుకలో ఉన్న పొట్టి వేరు మొక్కలను వేరు చేసి, వర్గీకరించి, వాటికి సంఖ్యలిచ్చింది. వాటిలో ఎం 9 అనే దాని మీద కట్టిన చెట్టు రెండున్నర, మూడు మీటర్ల దగ్గర ఆగిపోతుంది. పిల్లలు సైతం నేల మీద నిలబడి కాయ కోయగలుగుతున్నారంటే, దాని వెనుక ఇలాంటి వేళ్లు ఉన్నాయి. పైగా ఈ వేళ్లు బలహీనమైనవి. చెట్టు కాపు బరువును తట్టుకోలేదు కాబట్టి తీగలు, గుంజలు కట్టి నిలబెడతారు. అందుకే పిల్లలను చెట్టెక్కనివ్వవద్దని, కొమ్మలకు వేలాడనివ్వవద్దని తోటల్లో అంత గట్టిగా చెబుతారు.

అంటు ఎందుకు కట్టాలి, గింజ నాటితే సరిపోదా అని మా పాప అడిగింది. సరిపోదు. ఆపిల్ గింజ తల్లి చెట్టు గుణాలను యథాతథంగా మోయదు. ఒక కాయలోని పది గింజలు నాటితే పది వేరువేరు రకాల చెట్లు వస్తాయి, వాటిలో ఎక్కువ భాగం పుల్లని, వగరు కాయలే కాస్తాయి. ఎప్పుడో ఒకసారి మాత్రం అదృష్టం పండుతుంది. ఆస్ట్రేలియాలో సిడ్నీకి సమీపంలో మరియా ఆన్ స్మిత్ అనే వృద్ధురాలి పొలంలో 1868 ప్రాంతంలో తనంతట మొలిచిన ఒక మొక్క నుంచి గ్రానీ స్మిత్ రకం వచ్చింది. నేడు ప్రపంచంలో ఎక్కడ గ్రానీ స్మిత్ కాయను కొరికినా, అది ఆ ఒక్క చెట్టు కొమ్మను అంటు కట్టుకుంటూ, మళ్లీ దాని నుంచి అంటు కట్టుకుంటూ వచ్చిన చెట్టుదే.

కింద రాలిన కాయల సంగతి కూడా చెప్పాలి. అవి చూడటానికి బాగానే ఉంటాయి, తక్కువ సొమ్ముకే ఇస్తామని కొందరు అంటారు కూడా. తోటల్లో జింకలు, పశువులు, పక్షులు తిరుగుతాయి. వాటి పేడ తగిలిన కాయలో ప్రమాదకరమైన బ్యాక్టీరియా చేరవచ్చు. 1996లో అమెరికాలో, వేడి చేసి శుద్ధి చేయని ఆపిల్ రసం తాగి పదుల సంఖ్యలో జనం జబ్బుపడ్డారు, ఒక పసిబిడ్డ మరణించింది. రాలిన కాయలు ఆ రసంలో కలిశాయన్న అనుమానం అప్పట్లో బలంగా వినిపించింది. రాలిన కాయను పచ్చిగా తినవద్దు, పిల్లల చేతికి ఇవ్వవద్దు. కుళ్లుతున్న కాయల మీద కందిరీగలు ముసురుతాయి కాబట్టి కాళ్లకు పూర్తిగా కప్పే బూట్లు వేసుకోండి. కోసిన కాయను కూడా కడిగి తినడమే మంచిది. కాయ మీద కనిపించే బూడిదలాంటి పల్చని పొర మాత్రం మందు కాదు, కాయ తనకు తాను పూసుకున్న మైనం. గుడ్డతో రుద్దితే అదే మెరుస్తుంది.

సంచిలోకి కాయను వదలకండి, దించండి. ఆపిల్ పరిమాణంలో సుమారు నాలుగో వంతు గాలే, నీటిలో తేలేది అందుకే. ఆ గాలి గదులతో నిండిన కండకు జానెడు ఎత్తు నుంచి పడినా దెబ్బ తగులుతుంది. దెబ్బ తగిలిన కాయ ఇథిలీన్ అనే వాయువును ఎక్కువగా వదులుతుంది, ఆ వాయువు సంచిలోని మిగతా కాయలను కూడా తొందరగా మగ్గబెడుతుంది. ఉదయం చల్లదనంలో కోసిన కాయ ఎండలో వేడెక్కిన కాయ కన్నా మెరుగ్గా నిలుస్తుంది. ఇంటికి చేరగానే దెబ్బ తగిలినవాటిని ఏరి ముందు తినేసి, మిగిలినవాటిని ఫ్రిజ్‌లో కొద్దిగా తేమ నిలిచే సంచిలో ఉంచండి. క్యారెట్లతో కలిపి మాత్రం పెట్టవద్దు, ఇథిలీన్ తగిలితే అవి చేదెక్కుతాయి.

చివరగా, నిన్న కోసిన కాయల్లో నుంచి ఒకదానిని మీ కోసం విడిగా ఉంచాను. చూడండి, ఇది ఒక పక్క నిండుగా, మరొక పక్క నొక్కుకుపోయినట్టుగా ఉంది. వరుసలో నాకు ముందు నడిచినవారందరూ దీనిని చూసి వదిలేసి వెళ్లారు. అడ్డంగా కోస్తున్నాను. మధ్యలో ఐదు కోణాల నక్షత్రం, ఐదు గదులు. ప్రతి గదిలో మామూలుగా రెండేసి గింజలు ఉంటాయి. నిండుగా ఉన్న వైపు గదుల్లో గోధుమరంగు గింజలు కనిపిస్తున్నాయి. నొక్కుకుపోయిన వైపు ఈ రెండు గదులూ ఖాళీ. ఆపిల్ పువ్వుకు తన రకం పుప్పొడి సాధారణంగా పనికిరాదు, మరో రకం చెట్టు నుంచి తేనెటీగ మోసుకు రావాలి. పూత కాలంలో చలిగానో, వానగానో ఉన్న రోజున తేనెటీగ ఈ పువ్వు దగ్గర ఎక్కువ సేపు నిలవలేకపోయి ఉంటుంది. గింజ పడని వైపు కండ పెరగలేదు. రుచిలో లోటేమైనా ఉందేమోనని రెండు వైపుల నుంచీ ఒక్కొక్క ముక్క కోసి మా పాపకు ఇచ్చాను. రెండూ తిని, నొక్కు ఉన్న వైపు ముక్కే మరొకటి అడిగింది.