నిలబెట్టిన కారుకి సొట్ట పడితే

శ్రోతలకు నమస్కారం.

గునుపురంలో మా మేనకోడలి పెళ్లి. కల్యాణ మండపం ముందు చోటు లేక, కారుని పక్క సందులో ప్రహరీగోడ వారగా పెట్టాను. తెల్లవారుజామున అప్పగింతలయ్యాక పర్లాకిమిడి బయల్దేరదామని వచ్చి చూద్దును కదా, వెనక ఎడమ తలుపు లోపలికి నొక్కుకుపోయి ఉంది. వెనక లైటు పగిలి ఎర్రటి ముక్కలు దుమ్ములో పడున్నాయి. తెల్లరంగు మీద జానెడు నీలిగీత. రాసి చూస్తే నీలం పొడి వేలికంటింది. గుద్దినవాడు లేడు, చూసినవాడూ లేడు.

అలాంటప్పుడు కారెక్కి ఇంటికెళ్లిపోదామనే అనిపిస్తుంది. దయచేసి ఒక్క పది నిమిషాలు ఆగండి. బండి కదపకుండా ఫొటోలు తియ్యండి. నంబరు ప్లేటూ సొట్టా కలిసి కనిపించేలా ఒకటి, సందు మొత్తం ఒకటి, కింద పడ్డ ముక్కలు, దగ్గర్నుంచి ఆ రంగుగీత. ఎదురింటికి కెమెరా ఉంటే అప్పుడే అడగండి, ఆ రికార్డు కొన్నాళ్లకే చెరిగిపోతుంది. తర్వాత బీమా కంపెనీకి ఫోను చెయ్యండి. నష్టం జరిగిన వెంటనే తెలియజేయాలని పాలసీ షరతుల్లోనే ఉంటుంది. వాళ్లు చూసేదాకా బాగుచేయించకండి.

నేను ముందు మా ఏజెంటుకి చెప్పాను. ఆయన నా మేలుకోరే, "మాస్టారూ, ఎవరో గుద్దారంటే సవాలక్ష అడుగుతారు. రివర్సు చేస్తూ మీరే గోడకి తగిలించారని రాసేద్దాం" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఫలానా చోట, రాత్రి ఫలానా టైముకి నిలిపాను, పొద్దున్న వచ్చేసరికి ఇలా ఉంది, ఎవరు గుద్దారో తెలియదు. ఇంతే రాస్తే చాలు. సొంత బండి నష్టానికి కూడా బీమా కట్టి ఉంటే, గుద్దినవాణ్ణి పట్టి తేవాల్సిన పని మనది కాదు. మనుషులెవరికీ దెబ్బ తగలని ఇంత చిన్నదానికి మామూలుగా పోలీసు కాగితం కూడా అక్కర్లేదు. గోడకి తగిలిందని రాస్తే, తలుపు మీద నీలం ఎక్కణ్ణుంచి వచ్చిందని, నష్టం అంచనా వెయ్యడానికి వచ్చే సర్వేయరు అడిగినప్పుడు ఏం చెబుతాం?

థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవాళ్లకి మాత్రం ఇలాంటి సొట్టకి పైసా రాదు. అది మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికే.

ఇప్పుడు అసలు లెక్క. షెడ్డులో ఎస్టిమేటు 9,400 రూపాయలు వేశారు. డెంటింగు కూలి 2,000, రంగు 5,000, లైటు 2,400. ఇదంతా కంపెనీ ఇచ్చేస్తుందనుకుంటాం. ఇవ్వదు. మామూలు పాలసీలో ప్లాస్టిక్కు సామానుకి సగం తరుగు తీస్తారు, కాబట్టి లైటులో 1,200 పోయింది. రంగు బిల్లులో నాలుగోవంతుని సరుకు ఖర్చుగా లెక్కేసి అందులో సగం కోస్తారు, అది 625. ఆపైన 1500 సీసీ లోపు కారుకి ప్రతి క్లెయిములో మొదటి 1,000 రూపాయలు మనమే పెట్టుకోవాలి. అంతకు మించిన ఇంజనుకైతే 2,000. ఇవన్నీ పోగా నాకొచ్చేది 6,575.

వచ్చేది అది. పోయేదాన్ని చాలామంది చూసుకోరు. క్లెయిము లేని ఏడాదికి నో క్లెయిమ్ బోనస్ ఉంటుంది. సొంత నష్టం ప్రీమియంలో మొదటి ఏడాది తర్వాత 20 శాతం, ఆపైన 25, 35, 45, చివరికి 50 శాతం తగ్గింపు. నాది 45 దగ్గరుంది, వచ్చే రెన్యువల్‌కి 50 కావాలి. ఒక్క క్లెయిముతో అది సున్నాకి పడుతుంది, మళ్లీ 20 నుంచి ఎక్కాలి. క్లెయిము వెయ్యకపోతే ఏటా 50 ఉండేది, వేస్తే వరసగా 0, 20, 25, 35, 45. ఏడాదికేడాది పోయే తేడా 50, 30, 25, 15, 5. కూడితే 125 శాతం, అంటే ఏడాదింబావు ప్రీమియం. తగ్గింపుకి ముందు నా ప్రీమియం 6,000. పోయేది 7,500. కారు పాతబడే కొద్దీ ప్రీమియం కాస్త దిగుతుంది కనుక ఆ అంకె కొంచెం తగ్గొచ్చు. అయినా 6,575 కోసం దాన్ని వదులుకోవడం నాకు నచ్చలేదు. సొంత డబ్బుతోనే బాగుచేయించాను.

అందరి లెక్కా ఇలాగే రాదు. బోనస్ ఇంకా 20 దగ్గరే ఉన్నా, తరుగు తియ్యని జీరో డిప్రిసియేషన్ కట్టినా, బోనస్‌ని కాపాడే అదనపు కవరు ఉన్నా క్లెయిము వేసుకోవడమే మేలు కావచ్చు. బిల్లు 30, 40 వేలు దాటితే ఆలోచించక్కర్లేదు, వెయ్యండి. ఒక్కటి మాత్రం చెయ్యకండి. క్లెయిము తీసుకుని, కంపెనీ మార్చేటప్పుడు తీసుకోలేదని రాయించి బోనస్ పొందకండి. రేపు పెద్ద ప్రమాదం జరిగినప్పుడు ఆ అబద్ధం బయటికొస్తే, చేతికి రావాల్సిన లక్షలు ఆగిపోతాయి.

మన ఆంధ్రా ఒడిశా సరిహద్దులో ఇంకో చిక్కు నన్ను చాలా కలవరపెడుతుంది. శ్రీకాకుళంలోనో పార్వతీపురంలోనో పాత కారు కొంటాం. ఆంధ్రా నంబరుతోనే రాయగడలో, గజపతి జిల్లాలో ఏళ్ల తరబడి తిప్పుతాం. ఆర్‌సీ పాత యజమాని పేరు మీదే, పాలసీ కూడా ఆయన పేరు మీదే. థర్డ్ పార్టీ బీమా బండితోపాటు కొన్నవాళ్లకి వస్తుంది గాని, సొంత నష్టం బీమా అలా రాదు. 14 రోజుల్లో కంపెనీకి అర్జీ పెట్టి మన పేరుకి మార్పించుకోవాలి. పాతాయన బోనస్ కూడా మనకి రాదు, అది మనిషిది, బండిది కాదు. వేరే రాష్ట్రంలో 12 నెలలు మించి ఉంచితే అక్కడి నంబరు వేయించుకోవాలని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతోంది.

క్లెయిము కాదన్నారనుకోండి. కాగితాలు లేవన్న కారణంతో ఏ క్లెయిమునీ తిరస్కరించకూడదని 2024 జూన్‌లో బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలకి చెప్పింది. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. తెలుగువాళ్లం కదా అని హైదరాబాదుకి రాస్తుంటారు, ఒడిశాలో ఉన్న మనకి భువనేశ్వర్ కార్యాలయం. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల ఫోను 155255.

మా మావయ్యగారి కారుకి కూడా ఒకసారి ఇలాగే జరిగింది. బియ్యం మిల్లు బయట నిలబెడితే లారీ రాసుకుంటూ పోయింది. షెడ్డు కుర్రాడు క్లెయిము ఫారం తెచ్చి, ఇక్కడా ఇక్కడా సంతకం పెట్టండి అన్నాడు. పైన అన్నీ ఖాళీలే. ఆయన పెన్ను తీశారు. నేను చెయ్యి పట్టుకున్నాను. "ఇంగ్లీషు నాకెక్కడ వచ్చు బాబూ, వాళ్లే రాసుకుంటారులే" అన్నారు. అరుగు మీద కూర్చోబెట్టి ఒక్కో ప్రశ్న తెలుగులో చదివాను. ఆయన తెలుగులో చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో రాశాను. రాసింది మళ్లీ తెలుగులో వినిపించాను. లారీ ఎటునుంచి వచ్చిందన్న చోట, "కుడి కాదు, ఎడం" అని దిద్దించారు. అప్పుడు సంతకం పెట్టారు.