జోన్ రావడం ఎందుకు మానేసింది?

యాంకర్: విశాఖ శ్రోతలకు నమస్కారం. సూక్ష్మజీవుల గురించి మీ సందేహాలు తీర్చడానికి మైక్రోబయాలజీ ప్రొఫెసర్‌గారు మనతో ఉన్నారు. గాజువాక నుంచి ఫోన్. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం మేడమ్. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. మా ఇంటి పెరుగులోంచి ఒక లాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియాను వేరుచేశాను. మొదట్లో దాని ద్రవాన్ని ప్లేట్‌లో వెల్ అనే చిన్న గుంటలో పోస్తే, చుట్టూ వేరే బ్యాక్టీరియా పెరగక పెద్ద జోన్, అంటే ఖాళీ వలయం వచ్చేది. సబ్‌కల్చర్ చేస్తూ, అంటే మళ్లీమళ్లీ కొత్త పోషక మీడియంలోకి మారుస్తూ పోయాక అసలు రావడం లేదు. సబ్మిషన్ దగ్గరపడింది, చాలా టెన్షన్‌గా ఉంది.

ప్రొఫెసర్: కంగారుపడకు తల్లీ. వెల్‌లో పోసే ముందు పీహెచ్ సరిచేశావా?

కాలర్: లేదు మేడమ్. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కణాలు తీసేసి, పై ద్రవం నేరుగా పోశాను.

ప్రొఫెసర్: అయితే ఆ జోన్ ఉత్త యాసిడ్‌దీ కావచ్చు. పీహెచ్ 6.5కి తెచ్చి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడగొట్టే క్యాటలేజ్ కలిపి మళ్లీ చూడు. అప్పటికీ జోన్ వచ్చి, ప్రోటీన్లను కోసే ఎంజైమ్ ప్రోటీనేజ్ కె వేస్తే పోయిందనుకో, చంపుతున్నది పెప్టైడ్, అంటే చిన్న ప్రోటీన్ అనుకోవచ్చు. గ్లిసరాల్‌లో గడ్డకట్టించి దాచిన పాత స్టాక్ ఉందా?

కాలర్: ఉంది మేడమ్, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో.

ప్రొఫెసర్: హమ్మయ్య! ఇక జీన్ల సంగతి విను. నైసిన్ అని, ఒక లాక్టిక్ యాసిడ్ బ్యాక్టీరియా తయారుచేసే, వేరే బ్యాక్టీరియాను చంపే పెప్టైడ్ ఉంది. దానికి 11 జీన్లు ఒకేచోట గుంపుగా ఉంటాయి. ‘నిస్ ఎ’ నుంచి 57 అమైనో ఆమ్లాల గొలుసు వస్తుంది. ‘నిస్ బి’, ‘నిస్ సి’ దాని రూపం మారుస్తాయి, ‘నిస్ టి’ బయటకు పంపుతుంది. ‘నిస్ పి’ ముందున్న 23 ఆమ్లాలను కోసేశాకే, మిగిలిన 34కి చంపే శక్తి వస్తుంది. తయారుచేసే కణం తానే చావకుండా కాపాడే ‘నిస్ ఐ’ కూడా అదే గుంపులో ఉంటుంది. ఎన్నేళ్లు పాఠం చెప్పినా ఈ ఏర్పాటు నాకు అద్భుతంగానే అనిపిస్తుంది.

నైసిన్ జీన్లు క్రోమోజోమ్‌లో చేరిన ట్రాన్స్‌పోజాన్, అంటే చోటు మారగల డీఎన్ఏ ముక్క మీద ఉంటాయి, అంత తేలిగ్గా పోవు. పీడియోసిన్ పీఏ-1 అనే అలాంటి మరో పెప్టైడ్ జీన్లు ప్లాస్మిడ్, అంటే క్రోమోజోమ్‌కి విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం మీద ఉంటాయి. నీదీ అలాంటిదే అయి ప్లాస్మిడ్ పోతే, తయారీతో పాటు రక్షణా పోతుంది. అందుకే పాత స్టాక్ పెంచి, దాని ద్రవం పీహెచ్ సరిచేసి, ఇప్పటి కల్చర్‌ను పొరలా పరిచిన ప్లేట్ మీద వెల్‌లో పోయి. జోన్ వస్తే రక్షణ జీన్ పోయినట్టే. రెండింటి ప్లాస్మిడ్లూ తీసి, డీఎన్ఏను సైజును బట్టి చారలుగా విడదీసే జెల్ మీద పక్కపక్కనే నడుపు, బ్యాండ్ తేడా కనబడాలి.

కాలర్: జోన్ రాకపోతే మేడమ్?

ప్రొఫెసర్: జీన్ ఉండి, పని మానేసి ఉండొచ్చు. నైసిన్‌లో ఆ పెప్టైడే సంకేతం. బయట అది తగిలితే ‘నిస్ కె’ పసిగట్టి ‘నిస్ ఆర్’ ద్వారా జీన్లను నడిపిస్తుంది. కొన్ని రకాల్లో మరీ తక్కువ ఇనాక్యులమ్, అంటే మొదలుపెట్టే కణాలు మరీ తక్కువ వేస్తే సంకేతం చాలక తయారీ ఆగిపోతుంది. పాత స్టాక్ ద్రవం కొద్దిగా వడకట్టి కల్చర్‌లో కలుపు. దాన్నుంచి మళ్లీ ఒకసారి కొత్త మీడియంలోకి మార్చాక కూడా జోన్ వస్తే, జీన్లు పోలేదన్నమాట.

యాంకర్: ఎంవీపీ కాలనీ నుంచి మరో ఫోన్. చెప్పండి.

రెండో కాలర్: పెరుగులో ఇంత శక్తి ఉందంటున్నారు కదండీ, మా అబ్బాయికి యాంటీబయాటిక్ ఆపేసి పెరుగే పెట్టొచ్చా?

ప్రొఫెసర్: వద్దండీ. నైసిన్‌ని పేగుల్లోని ఎంజైములు అరిగించేస్తాయి. పైగా అది ముఖ్యంగా గ్రామ్ పాజిటివ్ అనే ఒక వర్గం బ్యాక్టీరియా మీదే పనిచేస్తుంది. ఆహారం నిల్వకు వాడుతున్నారు, ఆహారంలో కలిపే పదార్థాల కోడ్‌లలో ఈ234 అంటే అదే. పెరుగు పెట్టండి, మందు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఆపకండి.